జనరేటర్ దగ్గర

నాకు సంగీతం తెలియదు. డీజిల్ తెలుసు.
ముప్పై ఏళ్లు పడవ కడుపులో పనిచేశాను.
ఇంజను దగ్గితే ఏ సిలిండరుకి జలుబో
కళ్లు మూసుకుని చెప్పగలను.
అందుకే పిలిచారు నన్ను.

స్కార్ఫావీక్‌లో హెర్రింగ్ ఫ్యాక్టరీ
నేను పుట్టిన ఏడాదే మూతపడింది.
దాని గోడ మీద తెల్ల టార్పాలిన్లు కుట్టి కట్టారు,
మూడు ట్రాలర్లకి సరిపడా గుడ్డ.
గాలి వస్తే తెరచాపలా ఉబ్బేది,
గోడ ఎటో ప్రయాణం కట్టినట్టు.

జూలై నెల. రాత్రి పదకొండున్నర.
సూర్యుడు కొండ భుజం మీద కూర్చుని
దిగనంటే దిగనని మొండికేశాడు.
చీకటి కావాలంటే ఆగస్టు ఆఖర్లో రండని
మంచు కరగకముందే చెప్పాను.
గ్రాంటు డబ్బు జూలైలోగా ఖర్చు కావాలట.
ఆ సంగతి చీకటికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఓర్లీగుర్ ప్రొజెక్టరు వెలిగించాడు.
తెర మీద ఏమీ లేదు, ఎండ తప్ప.
ఏడాదిపాటు అతను కూర్చిన బొమ్మలన్నీ
పాలలో పోసిన పాలు.
నలభై ముగ్గురం, రెండు కుక్కలు,
ఖాళీ గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాం, మర్యాదగా.

అప్పుడు వచ్చింది హెర్వోర్ నా దగ్గరకి,
హెడ్‌ఫోను ఒక చెవికే తగిలించుకుని.
నీ జనరేటర్ నా వైర్లలోకి దూరుతోంది, అంది.
ఎర్తు మార్చి చూస్తానన్నాను.
వద్దు, ఉండనీ, అంది.
నేల మీది నూనెలో మోకాళ్లూని
ఇంజను పక్కన డబ్బా మీద ఒక మైకు పెట్టింది.
రెండు బల్లల నిండా ఉన్న తన మీటలన్నీ
దానికే సరిచేసుకుంది.
యాభై హెర్ట్జ్.
నేను సముద్రం మీంచి ఇంటికొచ్చాక కూడా
చెవుల్లోంచి దిగని మోత.
మా ఆవిడ నా దిండు మార్చి మార్చి చూసిన మోత.
ఆ రాత్రికి అదే శ్రుతి.

తర్వాత ఏం వాయించిందో చెప్పలేను.
పాట కాదు. మాటల్లేవు.
నీటి అడుగున చేపల గుంపు మలుపు తిరిగినట్టు
ఏదో బరువు మా కుర్చీల కింద నుంచి వెళ్లింది.
కుక్కలు లేచి నిలబడ్డాయి.
నా కాఫీలో వలయాలు.

అంతలో ఫ్యోర్డు నోట్లోంచి పొగమంచు.
ఎండ మీద తడిగుడ్డ కప్పినట్టు
లోకం బూడిదరంగయింది.
తెర అడుగు నుంచి, కడుగుతున్న ఫోటోలోలాగా,
బొమ్మ తేలింది.
ఒక చేప పొలుసు, ఫ్యాక్టరీ తలుపంత.
దాని మీద అది బతికిన ఏళ్ల గీతలు.
హెర్వోర్ మీట తిప్పినప్పుడల్లా ఆ గీతలు వణికి,
వంకర్లు పోయి,
ఒక చెయ్యి అయ్యాయి.
ఏదో పాత ఫిల్ములోని చెయ్యి. కత్తి. ఉప్పు.
ఉంగరపు వేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయింది.

మడతకుర్చీలో రగ్న్‌హెయిదుర్, ఎనభై ఏడేళ్లు,
ఒళ్లోని ఉన్ని దుప్పటి తీసి పక్కన పెట్టింది.
అది మా అమ్మ, అంది, ఎవరితోనూ కాదు.
కాసేపాగి, కొంచెం కోపంగా,
ఇంత పెద్దగా ఎందుకు వేశారు, అంది.
ఎవరూ జవాబివ్వలేదు.
అరవై అడుగుల చెయ్యి చేప పొట్ట చీరుతూనే ఉంది,
చప్పుడు లేకుండా, నా ఇంజను లయలో.

పొగమంచు ఇరవై నిమిషాలు నిలిచింది.

హెర్వోర్ నా వైపు చూసి అరచెయ్యి దించింది.
ముందే అనుకున్న సైగ.
థ్రాటిల్ మెల్లగా వెనక్కి లాగాను.
మొదట బొమ్మ పోయింది, కత్తి గాల్లో ఉండగానే.
తర్వాత స్పీకర్లు ఒక గుటక మింగి ఊరుకున్నాయి.
మిగిలింది నా ఇంజను ఒక్కటే.
మైకు లేదు, తెర లేదు.
చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక
ఊరంతా ఊపిరి బిగబట్టి వింటుండగా
మసిపట్టిన ఆ మూడు సిలిండర్ల ముసలిది
తన మానాన తాను ఆయాసపడుతోంది.

ఆపాలి. నా పని అదే.
స్విచ్చి మీద వేలు పెట్టాక విన్నాను,
రెండో సిలిండరుకి జలుబు.
ఇన్నాళ్లూ ఎలా తప్పించుకుందో.
వేలు అక్కడే ఉంచి
ఇంకాసేపు దాన్ని దగ్గనిచ్చాను.